కాలేజీ మారిన అమ్మాయికి 16 శాతం హాజరు: ఒక కేసు

నేపథ్యం

మాది హైదరాబాద్ జేఎన్‌టీయూకి అనుబంధంగా ఉన్న అటానమస్ (సిలబస్, పరీక్షలు సొంతంగా నడుపుకునే) ఇంజినీరింగ్ కాలేజీ. నేను అకడమిక్ సెక్షన్ చూస్తాను. టైమ్‌టేబుళ్లు, హాజరు రిపోర్టులు, కండోనేషన్ (తగ్గిన హాజరును మన్నించే) ఫైళ్లు, వేరే కాలేజీల నుంచి వచ్చేవాళ్ల సబ్జెక్టుల లెక్కలు అన్నీ నా టేబుల్ మీదుగానే వెళ్తాయి. ఈ అమ్మాయిని ఎవరూ గుర్తుపట్టకుండా ఊరు, కుటుంబం, సంవత్సరం వంటి వివరాలు మార్చాను. లెక్కల తీరు, మేం తీసుకున్న నిర్ణయాలు మాత్రం ఉన్నవున్నట్టు రాస్తున్నాను.

రూల్స్ తెలియనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. బీటెక్‌కి మొత్తం 160 క్రెడిట్లు (ఒక్కో సబ్జెక్టు పాసైతే వచ్చే పాయింట్లు) కావాలి. సెమిస్టర్‌లో అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం హాజరు ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే, కారణం నిజమైనదై, దానికి రుజువు ఉంటే, కాలేజీ అకడమిక్ కమిటీ ఫీజు కట్టించుకుని కండోన్ చేయొచ్చు. 65 కంటే తగ్గితే ఆ సెమిస్టర్‌కి డిటైన్. ఇక వచ్చే ఏడాది అదే సెమిస్టర్‌లో మళ్లీ చేరాల్సిందే. ప్రిన్సిపాల్ అనుకున్నా, మేనేజ్‌మెంట్ అనుకున్నా చేసేదేమీ ఉండదు.

కాలేజీ మారినవాళ్ల సంగతి వేరు. పాత కాలేజీలో చదివిన సబ్జెక్టులను మా సిలబస్‌తో పోల్చి చూస్తాం. ఇక్కడ ఉండి అక్కడ లేనివాటిని సబ్‌స్టిట్యూట్ సబ్జెక్టులుగా అదనంగా చదివి పాసవ్వాలి. మా దగ్గర తర్వాతి సెమిస్టర్లలో వచ్చే సబ్జెక్టులు అక్కడే పాసై ఉంటే, వాటికి మినహాయింపు ఇస్తాం. ఈ పోలిక ఫైలు ఒక గుమాస్తా దగ్గర ఉంటుంది, హాజరు ఫైలు ఇంకో గుమాస్తా దగ్గర. మామూలుగా ఆ రెండు ఫైళ్లకీ సంబంధం ఉండదు. ఈ కేసులో ఒకటి వెళ్లి రెండోదాని మీద పడింది.

సమస్య ఎలా వచ్చింది

జిల్లాలో ఒక అనుబంధ కాలేజీలో సీఎస్ఈ రెండేళ్లు పూర్తిచేసిన అమ్మాయి. బ్యాక్‌లాగులు లేవు. తండ్రి గల్ఫ్‌లో పనిచేస్తాడు. తల్లికి కిడ్నీలు పాడయ్యాయి. కిడ్నీ మార్పిడికి పరీక్షలు నడుస్తున్నాయి కాబట్టి వైద్యం హైదరాబాద్‌లోనే చేయించుకోవాలి. తల్లీకూతుళ్లు మేనమామ ఇంటికి వచ్చేశారు. వారానికి మూడు డయాలసిస్‌లు, మంగళ, గురు, శనివారాల్లో. దగ్గరుండి తీసుకెళ్లి తీసుకురావడానికి ఈ అమ్మాయి తప్ప ఎవరూ లేరు. మేనమామ ఆటో నడుపుతాడు, అత్తకి చంటిబిడ్డ.

ఎన్‌ఓసీల (అభ్యంతరం లేదనే పత్రాల) కోసం తిరగడం, అనుమతి రావడం, పాత కాలేజీ టీసీ ఇవ్వడం అయ్యేసరికి ఇక్కడ మూడో ఏడాది మొదటి సెమిస్టర్ మొదలై నాలుగు వారాలు గడిచిపోయాయి.

చేర్పించడానికి మేనమామ వచ్చాడు. చేతిలో డిజిలాకర్ నుంచి తీయించిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (విద్యార్థి సంపాదించిన క్రెడిట్లు జమయ్యే ఆన్‌లైన్ ఖాతా) ప్రింటవుట్ ఉంది.

"మేడమ్, ఇందులో 80 క్రెడిట్లు జమైనట్టు చూపిస్తోంది. బ్యాంకులో ఒక బ్రాంచిలో వేసిన డబ్బు ఇంకో బ్రాంచిలో తీసుకోవచ్చు కదా. మరి ఈ అదనపు సబ్జెక్టులేంటి?"

అడిగినదాంట్లో తప్పేమీ లేదు. యూజీసీ 2021లో ఈ బ్యాంకు పెట్టినప్పటి నుంచి చాలామంది తల్లిదండ్రులు అలాగే అనుకుంటున్నారు. ఆ ఖాతా చూస్తే అమ్మాయి ఏ సబ్జెక్టు పాసైందో, దానికి ఎన్ని క్రెడిట్లో తెలుస్తుంది. అవి ఏడేళ్ల వరకు చెల్లుతాయి కూడా. కానీ అక్కడి సబ్జెక్టు మా డిగ్రీలో ఏ సబ్జెక్టుకి సమానమో ఆ ఖాతా చెప్పదు. అది తేల్చాల్సింది చేర్చుకునే కాలేజీయే. ఈ సంగతి ఆయనకి అర్థమయ్యేలా చెప్పడానికి అరగంట పట్టింది. అర్థమయ్యాక మాత్రం మళ్లీ ఆ ప్రస్తావన తేలేదు.

అసలు ఇబ్బంది రెండు వారాల తర్వాత బయటపడింది. మా హాజరు సాఫ్ట్‌వేర్ పదిహేను రోజులకోసారి తల్లిదండ్రుల ఫోన్లకి మెసేజ్ పంపుతుంది. డయాలసిస్ బెడ్ మీద ఉన్న తల్లి ఫోన్‌కి వెళ్లింది: మీ అమ్మాయి హాజరు 16 శాతం. కాలేజీకి వెళ్తున్నానని చెప్పి ఎక్కడికి వెళ్తున్నావని తల్లి అడిగిందట. మర్నాడు ఉదయం ఆ అమ్మాయి నా టేబుల్ ముందు నిలబడి ఫోన్ చూపించింది, ఒక్క మాటా మాట్లాడలేదు.

16 ఎక్కడి నుంచి వచ్చింది

మా సెమిస్టర్‌లో పాఠాలకి 16 వారాలు, రోజుకి ఆరు పీరియడ్ల చొప్పున వారానికి 36. మెసేజ్ వెళ్లేనాటికి సెమిస్టర్ మొదలై ఆరు వారాలు, అంటే 216 పీరియడ్లు. సాఫ్ట్‌వేర్‌లో ఆమె పేరు మీద హాజరు 34.

ఆ 216లో 144 ఆమె చేరకముందువి. చేరినప్పటి నుంచి జరిగినవి 72 మాత్రమే. డయాలసిస్ మధ్యాహ్నం షిఫ్టు కావడంతో ఆ మూడు రోజులూ రెండో పీరియడ్ కాగానే బయల్దేరేది. రోజుకి నాలుగు పీరియడ్లు పోయేవి. అంటే వారానికి 36లో 24, రెండు వారాలకి 48 ఉండాలి. మరి 34 ఎందుకైంది? ఆపరేటింగ్ సిస్టమ్స్ మా దగ్గర మూడో ఏడాదిలో ఉంది, ఆమె పాత కాలేజీలో రెండో ఏడాదిలోనే పాసైంది. మినహాయింపు ఇచ్చాం కాబట్టి ఆ రిజిస్టర్‌లో ఆమె పేరు లేదు. కానీ సాఫ్ట్‌వేర్‌కి మినహాయింపు అంటే తెలియదు. సెక్షన్‌కి జరిగిన పీరియడ్లన్నీ లెక్కేసింది. వారానికి థియరీ నాలుగు, ల్యాబ్ మూడు, రెండు వారాలకి 14 ఆబ్సెంట్లు.

అదే అమ్మాయి, అవే రెండు వారాలు. సెమిస్టర్ మొదటి నుంచి లెక్కేస్తే 16 శాతం. చేరిన రోజు నుంచి వేస్తే 47. మినహాయించిన సబ్జెక్టు వేళల్లో వేరే పని ఇచ్చి, దానికి హాజరు వేసి ఉంటే 67. మొదటి రెండు లెక్కల్లో ఏది ఖాయమైనా డిటైన్ తప్పదు. మూడోదైతే కమిటీ ముందు నిలబడి మాట్లాడొచ్చు. పాత కాలేజీ క్రెడిట్‌ని మేం ఒప్పుకున్నందుకే హాజరు తగ్గిందన్న సంగతి ఈ లెక్క వేస్తే తప్ప ఎవరికీ తట్టలేదు.

ముందు చేసినవి, పనిచేయనివి

సబ్జెక్టుల పోలిక మొదట పేర్లను బట్టి జరిగింది. డిపార్ట్‌మెంట్ నుంచి వచ్చిన కాగితంలో ఐదు సబ్‌స్టిట్యూట్లు ఉన్నాయి. అక్కడ 'డిజిటల్ ఎలక్ట్రానిక్స్', ఇక్కడ 'డిజిటల్ లాజిక్ డిజైన్', కాబట్టి లేనట్టే. అక్కడ 'కంప్యూటర్ ఓరియెంటెడ్ స్టాటిస్టికల్ మెథడ్స్', ఇక్కడ 'ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్', అదీ లేనట్టే. డేటా స్ట్రక్చర్స్‌కి పేరు ఒకటే అయినా క్రెడిట్ తేడా ఉందని దాన్నీ కలిపారు. డిజైన్ అండ్ అనాలిసిస్ ఆఫ్ అల్గారిథమ్స్, ఆటోమేటా థియరీ మాత్రం నిజంగానే ఆమె చదవలేదు. మా దగ్గర అవి రెండో ఏడాదిలోనే అయిపోతాయి. ఇంట్లో పేషెంటు ఉన్న అమ్మాయి మూడో ఏడాది సబ్జెక్టుల మీద ఇంకో ఐదు మోయడం కుదిరే పని కాదు. ఆ కాగితం అలాగే ఆమోదం పొంది ఉంటే హాజరు సరిపోయినా ఆమె చదువు అక్కడే ఆగిపోయేది.

తర్వాత ఐఐటీల ఆన్‌లైన్ కోర్సులు ఉండే ఎన్‌పీటీఈఎల్ గురించి ఆలోచించాం. అల్గారిథమ్స్‌కి అక్కడ మంచి కోర్సు ఉంది, ఇంట్లోంచే చూసుకోవచ్చు, హాజరు గొడవ ఉండదు. రెండు చోట్ల దెబ్బతింది. ఒకటి, జులై విడతకి రిజిస్ట్రేషన్ గడువు అప్పటికే దాటింది. రెండోది, ఆ కోర్సు ఎనిమిది వారాలది. మామూలు లెక్కలో ఎనిమిది వారాలకి రెండు క్రెడిట్లు, పన్నెండు వారాలకి మూడు. మా సబ్జెక్టుకి మూడు. ఒక క్రెడిట్ కోసం మళ్లీ ఇంకో ఏర్పాటు వెతుక్కోవాలి.

రెండో ఏడాది పిల్లలతో కూర్చోబెడదామని ఒకరన్నారు. ఆ సబ్జెక్టు జరిగేది రెండో సెమిస్టర్‌లో. అప్పటికి ఆగినా, వాళ్ల టైమ్‌టేబుల్‌లో అల్గారిథమ్స్ ఉన్న గంటల్లో ఈమెకి తన క్లాసులు ఉంటాయి. అటు వెళ్తే ఇటు ఆబ్సెంట్.

ఇక కారిడార్‌లో దొరికే సలహా ఉండనే ఉంది. "ఆ పిల్ల పేరు మీదే ఒక మెడికల్ సర్టిఫికెట్ తెచ్చుకోమనండి మేడమ్, టైఫాయిడ్ అని రాయిస్తే అయిపోతుంది." కండోనేషన్ ఫైళ్లు చూసేవాళ్లకి ఈ టైఫాయిడ్ కొత్త కాదు. ప్రతి సెమిస్టర్ చివర మా కాలేజీలో టైఫాయిడ్ ప్రబలుతుంది. నేను వద్దన్నాను. నీతి సంగతి పక్కన పెట్టినా అది తెలివైన పని కాదు. దొంగ సర్టిఫికెట్ పెడితే ఫలానా పదిహేను రోజులు అని రాయాలి. ఈమె ఆబ్సెంట్లు పన్నెండు వారాల పాటు మంగళ, గురు, శనివారాల మధ్యాహ్నాల్లో పడతాయి. టైఫాయిడ్ వారంలో మూడు రోజులు మధ్యాహ్నం మాత్రమే రాదు కదా. అసలు కారణానికేమో తేదీ, టైముతో సహా డయాలసిస్ సెంటర్ స్లిప్పులు ఉన్నాయి. నిజం ఇంత గట్టిగా చేతిలో ఉన్నప్పుడు అబద్ధం దేనికి?

అయితే స్లిప్పులు ఉన్నా 65 దాటితేనే పనికొస్తాయి. అంతకంటే తక్కువైతే కమిటీకి అధికారమే లేదు. కాబట్టి ముందు 65 దాటించాలి. సానుభూతి లేఖలు, ప్రిన్సిపాల్ దగ్గర మేనమామ విన్నపాలు ఆ తర్వాత. ఈ వరస ఖాయం చేసుకున్నాకే పని సాగింది.

పనిచేసినవి

పోలికని మళ్లీ మొదలుపెట్టాం, ఈసారి యూనిట్ల వారీగా. రెండు సిలబస్‌లలోనూ సబ్జెక్టుకి ఐదు యూనిట్లు. ఐదులో నాలుగు కలిస్తే సమానమే అని బోర్డ్ ఆఫ్ స్టడీస్ (సిలబస్ ఖరారు చేసే కమిటీ) చైర్మన్ ఒక గీత గీశారు. అమ్మాయి పాత కాలేజీ ప్రశ్నపత్రాలు, ల్యాబ్ రికార్డులు పట్టుకొచ్చింది. సిలబస్ కాగితం కంటే అవే ఎక్కువ పనికొచ్చాయి. డేటా స్ట్రక్చర్స్ రికార్డులో చివరి ప్రయోగం గ్రాఫ్ ట్రావర్సల్. మా దగ్గర అదనపు క్రెడిట్ ఉన్నది కూడా ఆ భాగానికే. రికార్డు చూసి ఇక దాని మీద పట్టుబట్టలేదు. ఐదు కాస్తా రెండయ్యాయి: ఈ సెమిస్టర్‌లో అల్గారిథమ్స్, వచ్చే సెమిస్టర్‌లో ఆటోమేటా. రెండూ ఒకేసారి ఇవ్వలేదు. వచ్చే సెమిస్టర్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ ఉంది. అది ఆమె ఇదివరకే పాసైంది కాబట్టి ఆ గంటలు అప్పుడు ఖాళీ అవుతాయి.

అక్కడే దారి దొరికింది. మినహాయింపు వల్ల ఖాళీ అయిన ఏడు పీరియడ్లను ఖాళీగా వదలకూడదు. ఆపరేటింగ్ సిస్టమ్స్ థియరీ జరిగే నాలుగు పీరియడ్లలో ఒక లెక్చరర్ ఆమెకి అల్గారిథమ్స్ చెబుతారు. ల్యాబ్ జరిగే మూడు పీరియడ్లలో, రాకముందు పోయిన నాలుగు వారాల పాఠాలు పూర్తిచేసుకోవాలి. మా సాఫ్ట్‌వేర్‌లో ఒక్క విద్యార్థినితో కొత్త సెక్షన్ తెరిపించి, ఆ గంటలకి హాజరు అందులో వేయించాం. సిస్టమ్స్ కుర్రాడు ముందు నవ్వాడు, ఒక్కరి కోసం సెక్షనా అని. తెరవడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

పరీక్ష సంగతి తేలికగానే తేలింది. రెండో ఏడాది సప్లీలు నవంబర్‌లో రెగ్యులర్ పరీక్షలతో పాటే జరుగుతాయి. అల్గారిథమ్స్ అందులో రాస్తుంది. ఇంటర్నల్ 40 మార్కులకి ఆ లెక్చరరే రెండు మిడ్‌లు (సెమిస్టర్ మధ్యలో జరిగే పరీక్షలు) పెడతారు. తన స్టూడెంట్‌కి తనే పేపరిచ్చి తనే దిద్దుకుంటే బాగుండదని, రెండో మిడ్ పేపరు వేరొకరితో దిద్దించాం.

హాజరు ఏ రోజు నుంచి లెక్కపెట్టాలన్నదే పెద్ద వాదన. అకడమిక్ కమిటీలో ఒక సీనియర్ ప్రొఫెసర్ గట్టిగా అడ్డుపడ్డారు. పరీక్ష మొత్తం సిలబస్‌లో ఇస్తారు, నాలుగు వారాల పాఠం వినకుండా వచ్చినవాళ్లకి హాజరు మాత్రం ఆ నాలుగు వారాలు తీసేసి చూపిస్తే, మొదటి రోజు నుంచి వచ్చినవాళ్లకి అన్యాయం కాదా అని. కొట్టిపారేసే మాట కాదు. నేను బోర్డు మీద లెక్క రాశాను. 16 వారాలకి 576 పీరియడ్లు. ఈమెకి మిగిలినవి 432. ఒక్కటి కూడా మానకుండా వచ్చినా 432ని 576తో భాగిస్తే సరిగ్గా 75. అంటే మనమే అడ్మిషన్ ఇచ్చి, ఫీజు తీసుకుని, ఒక్క రోజు జ్వరం వచ్చినా కండోనేషన్‌కి రావాల్సిందే అని చెబుతున్నాం. అప్పుడు చేర్చుకోకుండా ఉండాల్సింది. పైగా మొదటి ఏడాదిలో ఆఖరి విడతలో సీటు వచ్చినవాళ్లకి చేరిన రోజు నుంచే లెక్కపెడుతున్నాం. వాళ్లకో రూలు, ఈమెకో రూలు ఎలా?

చివరికి కమిటీ ఒప్పుకుంది, ఒక షరతుతో: పోయిన నాలుగు వారాల పాఠం ల్యాబ్ గంటల్లో పూర్తిచేసినట్టు సబ్జెక్టుల వారీగా లెక్చరర్ల సంతకాలు ఉండాలి. ప్రొఫెసర్ తన అభ్యంతరాన్ని మినిట్స్‌లో రాయించుకున్నారు. అదే మంచిదైంది, ఆ షరతు ఆయన వాదన వల్లే వచ్చింది.

మిగిలింది డయాలసిస్. మధ్యాహ్నం షిఫ్టులోనే ఉంటే వారానికి 24. అంటే 67 దగ్గర. ఒక్క వారం అటూ ఇటూ అయితే 65 కిందికి జారుతుంది. షిఫ్టు మార్చమని సెంటర్‌ని అడగొచ్చని వాళ్లకి తట్టనేలేదు. డాక్టర్ రాసిన టైము కదా అనుకున్నారు.

"డాక్టరు గారు వారానికి మూడుసార్లు అని రాస్తారమ్మా, మధ్యాహ్నం పన్నెండున్నరకి అని రాయరు. అది బెడ్ ఖాళీని బట్టి ఇచ్చింది. అడిగి చూడు," అన్నాను.

కాలేజీ లెటర్‌హెడ్ మీద టైమ్‌టేబుల్ జతచేసి ఉత్తరం ఇచ్చాం. ఉదయం ఆరు గంటల షిఫ్టులో బెడ్ దొరకడానికి కొన్ని వారాలు పట్టింది. దొరికాక, పదింటికి డయాలసిస్ అయ్యాక తల్లిని ఇంట్లో దింపి మూడో పీరియడ్‌కి వచ్చేసేది. పోయేవి రోజుకి రెండే. వారానికి 36లో 30.

ల్యాబ్ బ్యాచి కూడా మార్చాం. ఆమె బ్యాచికి నెట్‌వర్క్స్ ల్యాబ్ గురువారం, రెండో బ్యాచికి సోమవారం. దీనివల్ల శాతం ఏమీ పెరగదు. కానీ ల్యాబ్‌లో ప్రయోగం పోతే రికార్డులో పేజీ ఖాళీ, ఇంటర్నల్ మార్కు గల్లంతు. మొత్తం హాజరు బాగుండి ల్యాబ్‌లో దెబ్బతిన్నవాళ్లను చాలామందిని చూశాను. సోమవారం బ్యాచిలో ఒకబ్బాయి ఇష్టంగానే ఇటు మారాడు.

ఫలితం

సెమిస్టర్ ముగిసేసరికి 432లో 310, దాదాపు 72 శాతం. షిఫ్టు మారాక 75 దాటుతుందనుకున్నాం. కిడ్నీ మార్పిడి పరీక్షలకి తల్లితో పాటు వరసగా ఉండాల్సి రావడంతో మళ్లీ కొన్ని పోయాయి. డయాలసిస్ స్లిప్పులు జతచేసి కండోనేషన్‌కి పెట్టాం. విద్యార్థి సొంత అనారోగ్యమే అయ్యుండాలా అని ఒకరడిగారు. రూల్‌లో ఉన్నది నిజమైన, సరైన కారణం అని, దానికి రుజువు అని. కమిటీ కండోన్ చేసింది, ఆమె ఫీజు కట్టింది, పరీక్షలు రాసింది.

అల్గారిథమ్స్ పాసైంది, గ్రేడు మామూలే. కంప్యూటర్ నెట్‌వర్క్స్ పోయింది. మొదటి రెండు యూనిట్లు ఆమె రాకముందే అయిపోయాయి. ల్యాబ్ గంటల్లో చదివి సంతకాలైతే పూర్తయ్యాయి గానీ, క్లాసులో కూర్చుని విన్నట్టు కాదు. సీనియర్ ప్రొఫెసర్ అన్నది ఈ ఒక్క సబ్జెక్టులో నిజమైంది. దాన్ని సప్లీలో రాస్తుంది. ఆటోమేటా ఈ సెమిస్టర్‌లో నడుస్తోంది, సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ గంటల్లో.

ఈ కేసు తర్వాత మార్చినవి

బయట కాలేజీ నుంచి ఎవరైనా వస్తామంటే, మా ఎన్‌ఓసీ మీద సంతకం కంటే ముందే యూనిట్ల వారీ పోలిక కాగితం తయారవుతుంది. ఎన్ని సబ్‌స్టిట్యూట్లు వస్తాయో తల్లిదండ్రులకి తెలుగులో రాసిచ్చి సంతకం తీసుకుంటాం. అది చూసి ఒక కుటుంబం ఆలోచన మానుకుంది. వాళ్లకి అదే మేలు. చేరాక తెలిసి బాధపడటం కంటే నయం. పాత కాలేజీ ప్రశ్నపత్రాలు, ల్యాబ్ రికార్డులు తెమ్మని మొదటి ఫోన్‌లోనే చెబుతాం. ఊరు మారే హడావుడిలో పిల్లలు మొదట పారేసేవి అవే.

సాఫ్ట్‌వేర్‌లో చేరిన తేదీ, మినహాయించిన సబ్జెక్టులు నమోదు చేయనిదే రోల్ నంబర్ రాదు. కొత్తగా చేరినవాళ్ల విషయంలో మొదటి నెల ఆటోమేటిక్ మెసేజ్ వెళ్లదు. రిపోర్ట్ నా దగ్గరికి వస్తుంది, నేను చూశాకే ఇంటికి వెళ్తుంది. ఆ తల్లికి ఆ రోజు నేనే ఫోన్ చేసి విషయం చెప్పాను. "అమ్మాయి క్లాసులకి వస్తోందా మేడమ్?" అని రెండుసార్లు అడిగింది.

చేరిన తేదీ నుంచి హాజరు లెక్కించడం మాత్రం ఇంకా రూలు కాలేదు. కమిటీ దాన్ని ఈ ఒక్క కేసుకే ఒప్పుకుంది. ఈ ఏడాది ఇంకో ఇద్దరు ఆలస్యంగా వచ్చారు, ఒకరు ఆరో వారంలో. ఆరో వారంలో వచ్చినవాళ్లకి కూడా ఇదే లెక్క వర్తిస్తుందా, లేక ఎన్ని వారాల తర్వాత అడ్మిషన్ ఇవ్వకూడదో ముందే గీత గీయాలా? నా మట్టుకు నేను నాలుగు వారాల దగ్గరే గీయాలంటాను, ఆ తర్వాత వచ్చినవాళ్లని వచ్చే సెమిస్టర్‌కి రమ్మనాలి. ప్రొఫెసర్ రెండు వారాలు అంటున్నారు. వచ్చే సమావేశం అజెండాలో అది మూడో అంశం.